బీరువాకి నైట్ షిఫ్ట్

మా ఊళ్ళో మా ఇంటి తూర్పు గదిలో ఒక బీరువా ఉంది. ఎండాకాలం వచ్చిందంటే అది రాత్రి ఎనిమిదింటికి డ్యూటీ ఎక్కి, పొద్దున పదింటికి దిగుతుంది. పగలంతా నిద్రే. అచ్చం మనలో అమెరికా ప్రాజెక్టుల్లో ఇరుక్కున్నవాళ్ళ బతుకే. దానికి ఈ షిఫ్టు వేసింది నేను కాదు, మా అమ్మ. ఫ్యాన్లు, సెన్సర్లు, ఫార్ములాలు పట్టుకుని నెలల తరబడి కుస్తీ పట్టినా నాకు తట్టనిది, ఆవిడ చింతపండులో గింజలు తీస్తూ ఒక్క మాటలో తేల్చేసింది. ఆ కథే ఇది. కాస్త పొడుగు, ఓపిక చేసుకోండి.

మాది నల్లగొండ జిల్లా, మునుగోడు వైపు. ఆ వైపు వాళ్ళమని మేం ప్రత్యేకంగా చెప్పుకోనక్కర్లేదు, నవ్వితే చాలు. పళ్ళ మీద గోధుమరంగు చారలుంటాయి. ఇంజినీరింగ్‌లో చేరిన మొదటి రోజే పక్క బెంచీవాడు "నల్లగొండా?" అని అడిగాడు. నాకు పళ్ళతో పోయింది. అమ్మకి ఎముకల దాకా వెళ్ళింది. పెళ్ళై వచ్చిన దగ్గర్నుంచి పాతికేళ్ళకి పైగా బోరునీళ్ళే తాగింది మరి. ఇప్పుడు మెడ తిప్పాలంటే మనిషంతా తిరగాలి. నడుం వంగదు. తాగేనీళ్ళలో ఫ్లోరైడ్ లీటరుకి ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదని బీఐఎస్ లెక్క. మా వైపు బోర్లు ఆ లెక్కని ఎప్పుడూ ఖాతరు చెయ్యలేదు. ఫ్లోరైడ్ తియ్యడానికి పటిక, సున్నం కలిపే పద్ధతి ఒకటి నీరి శాస్త్రవేత్తలు తయారుచేశారు. దాని పేరే నల్లగొండ టెక్నిక్. జిల్లాకి ఇలాంటి పేరూప్రఖ్యాతులు కూడా ఉంటాయి!

మా ఇంటి వెనక పెరడుండేది. తోటకూర, పాలకూర, కొత్తిమీర, గోంగూర అన్నీ అమ్మే వేసేది. నడుం వంగక ఆ పెరడు పోయింది. ఫ్లోరోసిస్ ఉన్నవాళ్ళని క్యాల్షియం, విటమిన్ సి ఉన్న తిండి తినమంటారు, ఆకుకూరలు బాగా తినమంటారు. ఆ ఆకుకూరలు పండించడానికి కావలసిన నడుమేమో వంగదు. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టగానే ఆఫీసు లాప్‌టాప్ పట్టుకుని ఇంటికొచ్చిపడ్డాను. రోజూ పొద్దున్నే అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి, గడ్డి మొలిచిన పెరడువైపు చూస్తూ టీ తాగేది. ఏమీ అనేది కాదు. అదే ఇబ్బంది.

నిలబడి తెంపుకునే ఎత్తులో, మట్టి లేకుండా, భగీరథ నల్లా నీళ్ళతో ఇంట్లోనే ఆకుకూరలు పెంచితే? హైడ్రోపోనిక్స్ అన్నమాట. బాల్కనీలు, డాబాలు ఉన్నవాళ్ళకి పైపుల్లో పెంచుకోవడం తేలిక. మా డాబా మెట్లు అమ్మ ఎక్కలేదు, పైగా మా వైపు కోతులు. కాబట్టి గదిలో, తలుపులున్న అరలో, ఎల్‌ఈడీ లైట్ల కింద. ఇంట్లో తుప్పుపట్టిన పాత బీరువా ఒకటుంది, అమ్మ పెళ్ళినాటిది. లోపల తెల్ల పెయింటు వేశాను. ఛాతీ ఎత్తులో ఒక అర, దాని కింద ఇంకోటి. రెండు ప్లాస్టిక్ టబ్బులు, మూతలకి కన్నాలు, వేళ్ళు నీళ్ళలో వేలాడుతుంటాయి, అక్వేరియం పంపు గాలి బుడగలు వదులుతుంటుంది. మొత్తం 120 వాట్ల లైట్లు. 2020 నవంబరులో మొదలుపెట్టాను.

ఇక గాలి సంగతి. తలుపులు మూసిన పెట్టెలో మొక్కల్ని పెడితే మూడు జరుగుతాయి. లైట్ల వేడి పోగవుతుంది. ఆకులు వదిలే ఆవిరితో తేమ పెరుగుతుంది. మొక్కలు తినే కార్బన్ డయాక్సైడ్ అయిపోతుంది. కాబట్టి గాలి మారాలి. ఎంత మారాలో ఇంటర్నెట్‌లో బోలెడు గైడ్లున్నాయి. అన్నీ చదివాను. అవి ఎవరు రాశారో, బీరువాల్లో దాచి ఏం పెంచుతున్నారో రెండో గైడుకే అర్థమైపోయింది. ప్రతిదాంట్లోనూ వాసన బయటికి రాకుండా కార్బన్ ఫిల్టరు పెట్టమని మరీమరీ చెప్తారు. మా కొత్తిమీర వాసన పక్కింటికి తెలిస్తే మహా అయితే గిన్నె పట్టుకుని వస్తారు. ఫిల్టరు మానేశాను. (ఊదారంగు వెలుగు రాత్రిపూట గవాక్షంలోంచి కనబడి, "మీ పోరడు ఏం పెంచుతుండు?" అని ఊళ్ళో ఒకాయన మా నాయినని పక్కకి పిలిచి అడిగిన మాట వాస్తవం.)

లెక్క చాలా సులువు. మీలో ఎవరైనా చెయ్యదల్చుకుంటే గుర్తుపెట్టుకోండి: లోపల ఖర్చయ్యే వాట్లని మూడుతో గుణించండి, బయటికన్నా లోపల ఎన్ని డిగ్రీలు ఎక్కువున్నా ఫర్వాలేదో ఆ అంకెతో భాగించండి. గంటకి ఎన్ని ఘనపు మీటర్ల గాలి తోడాలో వస్తుంది. నాకు 120 వాట్లు, మూడు డిగ్రీల తేడా. అంటే గంటకి 120 ఘనపు మీటర్లు. ఫ్యాన్లవాళ్ళ భాషలో 70 సీఎఫ్‌ఎం. కంప్యూటర్ క్యాబినెట్లలో వాడే 120 మిల్లీమీటర్ల ఫ్యాను 50 అని రాసుకుంటుంది గానీ అది ఏ అడ్డూ లేకుండా గాల్లో తిరిగితే. దానికి దోమతెర కట్టి, రెండు వంపుల గొట్టం తగిలిస్తే అందులో సగం వస్తే గొప్ప. కాబట్టి మూడు ఫ్యాన్లు, పాత ఎస్‌ఎంపీఎస్ ఒకటి. వేడిగాలి పైకి పోతుంది కనక బయటికి తోసే కన్నాలు పైన, లోపలికి వచ్చే కన్నాలు కింద. లోపలికి వచ్చే దారి బయటికి పోయేదానికన్నా పెద్దదిగా ఉండాలి, లేకపోతే ఫ్యాను ఊపిరాడనట్టు మూలుగుతుంది. ముందు తలుపులకి అద్దం ఉంది, పెళ్ళినాటి వస్తువు, కన్నాలు పెట్టడానికి చెయ్యి రాలేదు. ఊళ్ళో వెల్డింగు షాపతను వెనక రేకుకే పైనా కిందా కోసిపెట్టాడు.

గడబిడంతా అక్కడే జరిగింది. బీరువాని మళ్ళీ గోడకి ఆనించినంత పని చేసి పెట్టాం. గదిలో 27 ఉంటే పై అరలో 34. ఫ్యాన్లు మూడూ తిరుగుతున్నాయి. నాలుగోది పెట్టాను, ఒక్క డిగ్రీ తగ్గలేదు. సర్వరు నెమ్మదిగా ఉందంటే ఇంకో నాలుగు ఇన్‌స్టెన్సులు లేపే మేనేజరులాగా ఐదోది కూడా ఆర్డరు పెట్టాను. అది వచ్చేలోపు ఒకరోజు అమ్మ దేవుడికి వెలిగించిన అగరుబత్తి తీసుకుని బీరువా వెనక పట్టి చూశాను. పైకన్నంలోంచి వచ్చిన పొగ గోడకి కొట్టుకుని, కిందికి జారి, కిందికన్నంలోంచి మళ్ళీ లోపలికే పోతోంది! డేటాసెంటర్లలో పనిచేసినవాళ్ళకి ఇది తెలిసిన రోగమే, వేడి వరస గాలి చల్ల వరసలోకి దూరడం. బీరువాని గోడకి మూరెడు దూరం జరిపి, పైకన్నానికి గొట్టం తగిలించి పైనున్న గవాక్షంలోకి పెట్టాను. రెండు ఫ్యాన్లతోనే తేడా మూడు డిగ్రీలకి దిగింది. మిగతావి ఇప్పటికీ అటకమీదున్నాయి. ఎవరైనా ఏదైనా బిగిస్తుంటే రెండు రూపాయల అగరుబత్తితో మొదలుపెట్టమంటాను.

ఒక చిన్న ఫ్యానుని మాత్రం లోపల ఆకులకి తగిలేలా తిప్పి ఉంచాను. అది గాలి మార్చడానికి కాదు, కదపడానికి. ఆకుల చుట్టూ గాలి కదలకపోతే అవి నీళ్ళు పీల్చడం తగ్గిస్తాయి. నీళ్ళతోపాటే క్యాల్షియం పైకెక్కుతుంది, అది అందక లేత ఆకుల అంచులు మాడిపోతాయి. నా మొదటి లెట్యూస్ అలాగే పోయింది. (లెట్యూస్ పోయినందుకు ఇంట్లో ఎవరూ బాధపడలేదు. "గొడ్లు తినే ఆకు" అని నాయిన తీర్మానం.)

సంక్రాంతికి కొత్తిమీర, పాలకూర వచ్చాయి. అమ్మ ఛాతీ ఎత్తులో ఉన్న అరముందు నిలబడి కత్తెరతో కోసుకుంది. చాలా ఏళ్ళ తర్వాత తను పెంచిన ఆకు. పప్పులో వేసింది. నేను ఫొటోలు తీసి ఆఫీసు గ్రూపులో పెట్టి లైకులు కొట్టేశాను. అంతా నా ఇంజినీరింగే అనుకున్నాను.

చలికాలంలో బయట చల్లగా ఉంటుందన్న చిన్న సంగతి మర్చిపోయాను. ఆ గైడ్లు రాసినవాళ్ళంతా చలిదేశాల వాళ్ళు. వాళ్ళకి బయటిగాలి అంటే చల్లగాలి, తోడుకుంటే చాలు. నల్లగొండలో ఏప్రిల్ వచ్చాక బయటిగాలి అంటే ఏమిటో మీకు చెప్పక్కర్లేదు. ఊరంతా రాతిగుట్టలు, పగలంతా కాగి రాత్రిదాకా వదులుతుంటాయి. 2015 మేలో వడదెబ్బకి రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి రెండు వేల మందికి పైగా పోయారు, అందులో మా జిల్లావాళ్ళూ ఉన్నారు. ఫ్యాను గాలిని చల్లబరచదు. బయట ఎంతుందో అంతకి మూడు డిగ్రీలు కలిపి లోపల ఇస్తుంది, అంతే. 41కి 44.

ఇది ఫార్ములాలోనే ఉంది. నేనే పట్టించుకోలేదు.

2021 ఏప్రిల్ మూడోవారంలో పాలకూర వాలింది. నేను తూర్పు గది కిటికీలు రెండూ బార్లా తెరిచి, ఫ్యాన్లు ఫుల్లుగా పెట్టాను. గాలి ఇంకా కావాలి కదా! అమ్మ వచ్చి మూసేది. నేను తెరిచేవాణ్ణి. "వడగాలిని ఇంట్లకు పిలుస్తున్నవారా? పొద్దు ఎక్కకముందే మూసెయ్యాలె, దీపాలు పెట్టినంక తెరవాలె. ఆ మాత్రం తెల్వదా?" అని ఆవిడ. "వెంటిలేషన్ అమ్మా, నీకు తెలీదు" అని నేను. ఇంత వయసొచ్చాక కూడా కన్నతల్లితో ఈ మాట అనగలిగే ధైర్యం ఒక్క సాఫ్ట్‌వేరువాడికే ఉంటుందేమో. రెండ్రోజుల తర్వాత టబ్బు మూత ఎత్తితే వేళ్ళన్నీ గోధుమరంగు, జిగురు, కుళ్ళు వాసన. ఆకులు కాదు, అసలు పోయింది వేళ్ళు. నీళ్ళు వేడెక్కినకొద్దీ వాటిలో ఆక్సిజన్ నిలవదు: 20 డిగ్రీల దగ్గర లీటరుకి సుమారు తొమ్మిది మిల్లీగ్రాములు పట్టేది 30 దగ్గర ఏడున్నరకి పడిపోతుంది. వేళ్ళకి కావలసింది పెరుగుతుంది, దొరికేది తగ్గుతుంది, ఆ బలహీనతలో బూజులు దూరతాయి. మొత్తం పీకి పారేశాం. అవి కరోనా రెండో వేవ్ రోజులు, కూరల బండి కూడా సరిగ్గా రావట్లేదు. అమ్మ ఖాళీ టబ్బులు కడిగి ఎండబెట్టి, "పోనీ తియ్ బిడ్డా" అంది. మళ్ళీ పొద్దున్నే వంటింటి గుమ్మంలో టీ.

ఆ వారం మా టీమ్‌లోనే పనిచేసే పాలమూరు మిత్రుడితో కాల్ అయ్యాక కష్టసుఖాలు మాట్లాడుతుంటే ఈ సోది చెప్పాను. వాళ్ళకి జడ్చర్ల దగ్గర కోళ్ళషెడ్డు ఉంది. అతను నవ్వి, "మా నాయిన వింటే నిన్ను షెడ్డుల అడుగుపెట్టనియ్యడు" అన్నాడు. కోడి ఒంటికన్నా బయటిగాలి వేడిగా ఉన్నప్పుడు ఫ్యాను వేస్తే దానికి ఎండదెబ్బ ఇంకా తొందరగా తగులుతుందట. అందుకే షెడ్డు పక్కల గోనెపట్టాలు వేలాడదీసి నీళ్ళు చల్లుతారు, ఫాగర్లు పెడతారు. గాలి తడిలోంచి వస్తేనే లోపలికి రానిస్తారు. మన కూలర్లలో ఉండే సూత్రమే. మా వైపు ఎండలో తేమ ఉండదు కనక ఇది అద్భుతంగా పనిచేస్తుంది: 43 డిగ్రీలు, 20 శాతం తేమ ఉన్న గాలిని తడితో చల్లబరిస్తే సిద్ధాంతం ప్రకారం 25 దాకా దిగొచ్చు. గోనెపట్టా అంత చెయ్యదు, 31, 32 దగ్గర ఆగుతుంది. అయినా పది డిగ్రీలు! గాలిలో తేమ ఎక్కువున్న చోట ఇదే పని చేస్తే ఇంత రాదు. ఎండ విషయంలో నల్లగొండ, పాలమూరు వాళ్ళకి దేవుడిచ్చిన డిస్కౌంటు ఇదొక్కటే.

కిందికన్నాల ముందు తడిగోనె కట్టాం. టబ్బులకీ చుట్టాం, కూజాకి చుట్టినట్టు. బాగానే పనిచేసింది గానీ రెండు గంటలకోసారి తడపాలి. ఎవరు తడుపుతారు? నేను కాల్స్‌లో ఉంటాను, అమ్మ వంగలేదు. పంపు పెడదామా, టైమర్ పెడదామా అని నేను వంటింట్లో కూర్చుని కాగితం మీద బొమ్మలు గీస్తున్నాను. అమ్మ చింతపండు గింజలు తీస్తోంది.

"ఆ లైట్లు ఎందుకురా?"

"ఎండకి బదులమ్మా. అవి లేకపోతే మొక్కలు పెరగవు."

"మరి ఎండకు బదులైతే ఎండలనే ఎందుకు పెడుతున్నవ్? వాటికేమన్న గడియారం తెలుసునా? నీ లెక్కనే రాత్రి డూటీ పెట్టరాదు?"

నిజంగా ఒక నిమిషం నోట మాట రాలేదు. పగలు పగలే అవ్వాలన్న రూలు నేనెక్కడా చదవలేదు, అలవాటుగా పెట్టుకున్నాను. హార్డ్‌కోడ్ చేసేశాను. మొక్కకి కావలసింది పద్నాలుగు గంటల వెలుగు, పది గంటల చీకటి. అవి ఏ టైమ్‌జోన్‌లో వచ్చినా దానికొకటే. తర్వాత వెతికితే వేడిదేశాల్లో ఇది చాలామంది చేస్తున్నదే.

రాత్రి ఎనిమిది నుంచి పొద్దున పది వరకు లైట్లు పెట్టాను. రాత్రి కిటికీలు తెరిచి, ఫ్యాన్లు ఫుల్లు. పొద్దున ఎనిమిదిన్నరకి కిటికీలు బంద్. పగలు లైట్లుండవు కనక లోపల పుట్టే వేడి ఉండదు, తేమ పోవడానికి ఒక్క ఫ్యాను నెమ్మదిగా తిరుగుతుంది, దానికి గాలి కిటికీలోంచి కాక చల్లగా ఉండే నడిమింట్లోంచి వస్తుంది. మాది డంగుసున్నంతో కట్టిన రాతిగోడల ఇల్లు. బయట 42 ఉన్నా మూసిన గదిలో 35 దాటదు. సెన్సరు లెక్కలన్నీ గూగుల్ షీట్‌లోకి పోతుంటాయి కదా, వారం తర్వాత గ్రాఫు గీశాను. బయటి గీతా గది గీతా రోజుకి రెండుసార్లు ఒకదాన్నొకటి దాటుకుంటున్నాయి: పొద్దున ఎనిమిదిన్నర ప్రాంతంలో ఒకసారి, రాత్రి ఎనిమిది ప్రాంతంలో ఒకసారి. అమ్మ కిటికీలు మూసే టైమూ తెరిచే టైమూ అవే. గ్రాఫు తీసుకెళ్ళి చూపించాను. "ఇది ఏంది?" అంది. చెప్పాను. "దీనికి కంప్యూటర్ ఎందుకురా" అంది.

అన్నీ బాగుపడ్డాయని అబద్ధం చెప్పను. మేలో కొత్తిమీర రాలేదు, ఇప్పటికీ రాదు. రాత్రి కూడా 30కి తగ్గని ఊళ్ళో దాన్ని అడగడం తప్పు. తోటకూర, పుదీనా మాత్రం దర్జాగా వచ్చాయి. ఇంకో చిక్కు ఫ్లోరైడ్ సంగతి. గాలి ఎక్కువ తిప్పితే మొక్కలు నీళ్ళు ఎక్కువ తాగుతాయి. నీళ్ళు పోతాయి, ఉప్పులు టబ్బులోనే మిగులుతాయి, మళ్ళీ నీళ్ళు పోస్తాం, మళ్ళీ మిగులుతాయి. బోరునీళ్ళతో ఇలా చేస్తే నెలకల్లా ఆ టబ్బులో ఏం చేరుతుందో ఊహించుకోండి. ఏ నీళ్ళనుంచి తప్పించుకుందామని మొదలుపెట్టానో వాటినే కాచి చిక్కబెట్టి ఆకులకి తాగించినట్టు. టీడీఎస్ మీటరు మొత్తం ఉప్పులు చెప్తుంది గానీ అందులో ఫ్లోరైడ్ ఎంతో విడిగా చెప్పదు. కాబట్టి టబ్బుల్లోకి కృష్ణ నీళ్ళే, అవి కూడా పదిరోజులకోసారి మొత్తం మార్చాల్సిందే. గోనెకి మాత్రం బోరునీళ్ళు వాడతాం. వారం తిరిగేసరికి దాని మీద తెల్లగా పొర కడుతుంది. ఆ పొర చూసినప్పుడల్లా అమ్మ తన మోకాళ్ళు ముట్టుకుంటుంది. నేను చూడనట్టు ఉంటాను.

2022లో ఆఫీసుకి రమ్మన్నారు. హైదరాబాదు వచ్చేశాను. లైట్లకి టైమరుంది, ఫ్యాన్లకి ఇన్వర్టరుంది, నీళ్ళు మార్చడం నాయిన పని. కిటికీలు మాత్రం ఆటోమేట్ చెయ్యలేదు. చెయ్యొచ్చు, ఒక మోటారు, రెండు రిలేలు. అమ్మ వద్దంది. 2024 మే మొదట్లో జిల్లాలో 46 దాటిన రోజున కూడా ఫోనులో గ్రాఫు చూస్తూ కూర్చున్నాను. టబ్బు నీళ్ళు 31 దాటలేదు. నేను ఇక్కడ ఏసీలో చెమటలు పట్టి కూర్చుంటే ఆవిడ అక్కడ రెండుసార్లు గోనె తడిపించి పడుకుందట.

మొన్న ఉగాది ముందు మాత్రం పై అర గీత ఉన్నట్టుండి నాలుగు డిగ్రీలు పైకి లేచింది. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, కరెంటుంది, కిటికీలు సరిగ్గానే మూస్తున్నారు. రెండ్రోజులు లాగులు తిరగేశాను. సెన్సరు పోయిందనుకుని కొత్తది ఆర్డరు పెట్టాను. మూడోరోజు ఫోనులో ఏదో మాటల్లో అమ్మ చెప్పింది, గవాక్షంలో పిచుకలు గూడు పెట్టాయని, నాలుగు గుడ్లున్నాయని. గొట్టం మూతి సగం పుల్లలతో మూసుకుపోయిందన్నమాట.

"మరి తీయించు అమ్మా, వేడి బయటికి పోవట్లేదు" అన్నాను.

"ఏం తీయించాలె? గూడా? పిల్లలు ఎగిరిపోయేదాంక ఫ్యాను బందు వెట్టిన. బీరువ తలుపులు బార్లా తెరిచి పెట్టిన. నువ్వు జర ఆగు."

మూడు వారాలైంది. ఇంకా ఎగరలేదట.